కన్నీళ్ళు రాని ప్రార్థన దేవుని సన్నిధికి చేరుతుందా?

ప్రశ్న: అయ్యగారికి వందనములు. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. నా వయసు 46. తాతల కాలం నుంచి మేము బాప్టిస్టు సంఘంలో ఉన్నవాళ్ళం. రెండేళ్ళ క్రితం మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. నా భర్త లారీ నడుపుతారు, నెలలో 20 రోజులు ఇంట్లో ఉండరు. అన్నయ్య హైదరాబాదులో ఉంటాడు, డబ్బు పంపుతాడు, ఆదివారం ఫోన్ చేస్తాడు. స్త్రీల సమాజంలో ప్రార్థన చేయమని నన్నే అడుగుతారు, అక్కడ మాటలు బాగానే వస్తాయి. ఇంట్లో ఒంటరిగా మోకరిస్తే మాత్రం ఎవరూ లేని గదిలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. జనవరి 1న అందరం ప్రార్థన కొండ ఎక్కాము. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, నాకు ఒక్క చుక్క కూడా రాలేదు. నీలో దాచిన పాపం ఏదో ఉంది, అందుకే సన్నిధి దిగిరావడం లేదని ఒక సహోదరి అన్నది. ఫోన్‌లో నేను వినే ఒక ప్రసంగీకుడు 40 దినాల ఉపవాసం ఉండి విత్తన కానుక (దీవెన పండాలని ముందుగా ఇచ్చే డబ్బు) పంపమంటున్నాడు. నాకు షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటాను. రాత్రి 3 గంటలకు అమ్మ ఎడమ చేత్తో మంచం పట్టీ కొడుతుంది. లేచేటప్పుడు ఇది ఎప్పటికి ముగుస్తుందో అనిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చాక దేవుని ముందుకు వెళ్ళడానికి ముఖం చెల్లడం లేదు. ఆయన సన్నిధికి నేను ఎలా దగ్గర కావాలి?

సమాధానం: ప్రియమైన సహోదరీ, మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. కన్నీళ్ళ గురించి, ఉపవాసం గురించి, కానుక గురించి మీరు అడిగిన వాటికి తప్పక జవాబు చెబుతాను గాని, చదివిన ప్రతిసారీ నేను ఆగిపోయింది చివర మీరు రాసిన ఒక మాట దగ్గర: “ముఖం చెల్లడం లేదు.” మీరు అసలు అడుగుతున్నది ఇదేనని నాకు అనిపిస్తున్నది. అందుచేత అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన బైబిలులో “సన్నిధి” అని కనిపించే చాలా చోట్ల హెబ్రీ మూలంలో ఉన్న మాటకు అర్థం “ముఖం”. 27వ కీర్తన 8వ వచనం మీకు తెలిసే ఉంటుంది: “నా సన్నిధి వెదకుడని నీవు సెలవియ్యగా నీ సన్నిధి నేను వెదకెదనని నా హృదయము నీతో అనెను.” మూలంలో అక్కడ ఉన్నది నా ముఖాన్ని వెదకండి అని. తెలుగు అనువాదకులు ముఖాన్ని సన్నిధి అన్నారు, ఆ మాట మన చెవికి గంభీరంగా, పవిత్రంగా వినిపిస్తుంది, కాని దానితోపాటు ఒక చిన్న నష్టం కూడా జరిగింది: సన్నిధి అంటే గదిలోకి దిగివచ్చే ఒక వాతావరణం, ఒంటికి తెలిసే ఒక వేడి, ఒక వణుకు అని క్రమంగా అనుకోవడం మనకు అలవాటైంది. ముఖం అలాంటిది కాదు. ముఖం ఒక వ్యక్తిది. ఎదుటివారి ముఖంలోకి చూడడానికి మనం సిగ్గుపడవచ్చు, భయపడవచ్చు, అలిసిపోయి కళ్ళు మూసుకోవచ్చు, అయినా వారు మనల్ని చూస్తూనే ఉంటారు. మీ ముఖం చెల్లక మీరు తల దించుకున్నారే తప్ప ఆయన తన ముఖం తిప్పుకున్నాడని దాని అర్థం కాదు.

మనుషులెవరికీ తమ సొంత యోగ్యతతో ఆయన ముందు ముఖం చెల్లదని పాత నిబంధన మొదటి నుంచీ ఒప్పుకుంటూనే ఉంది. సొలొమోను కట్టించిన మందిరంలో అతిపరిశుద్ధ స్థలం ఇరవై మూరల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ఒక గది. లేవీయకాండము 16వ అధ్యాయం ప్రకారం అటువంటి గదిలోకి తెర దాటి ప్రధానయాజకుడు ఒక్కడే, సంవత్సరానికి ఒక్క రోజున, అదీ రక్తం తీసుకొని వెళ్ళేవాడు; మిగతా జనమంతా బయటే. యేసుప్రభువు సిలువమీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర “పైనుండి క్రింది వరకు” చినిగిందని మత్తయి రాశాడు. చినిగిన దిక్కును గమనించండి. కింద నిలబడిన మనుషులు లాగితే చినిగిన తెర కాదు అది. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం ఆ సంగతినే ఎత్తుకొని, ఆయన రక్తంవలన లోపలికి ప్రవేశించే ధైర్యం మనకు ఉన్నదని, ఆ మార్గం “నూతనమైనదియు, జీవముగలదియు” అని చెబుతుంది. కాబట్టి దేవునికి ఎలా దగ్గర కావాలన్న మీ ప్రశ్నకు మొదటి జవాబు ఏమిటంటే, ఆ దూరాన్ని దాటవలసిన పని మీ మోకాళ్ళమీద పెట్టబడలేదు. దాటవలసినవాడు దాటి వచ్చాడు. తెరిచి ఉన్న ఇంట్లోకి నడిచి వెళ్ళడమే ప్రార్థన. వెళ్ళేవారు ఏడుస్తూ వెళ్తున్నారా, పొడి కళ్ళతో వెళ్తున్నారా అనేది గుమ్మం దగ్గర ఎవరూ అడగరు.

అయితే ఆ ఇంట్లోకి మీరు ఏమి తీసుకువెళ్తున్నారన్నది మాత్రం మనం మాట్లాడుకోవాలి. సమాజంలో మీరు చేసే ప్రార్థన మంచిదే, దానిని నేను తక్కువ చేయడం లేదు. కాని ఇంట్లో మోకరించినప్పుడు కూడా మీరు అదే ప్రార్థనను, అవే స్తోత్రాలను, అదే వరుసలో పలుకుతున్నారేమోనని నా అనుమానం. రాత్రి 3 గంటలకు మీకు వచ్చే ఆలోచన ఒకటి ఉంది. ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ మీరు ఆయనకు చెబుతున్నారు. భార్యాభర్తల మధ్యనైనా, తల్లీబిడ్డల మధ్యనైనా చెప్పవలసిన ఒక మాటను దాచిపెట్టి తక్కినవన్నీ మాట్లాడుతూ ఉంటే కొంతకాలానికి ఆ తక్కిన మాటలు కూడా ఎండిపోతాయి. మీ గది ఖాళీగా అనిపించడానికి కారణం దేవుడు రాకపోవడం కాదనీ, ఆ గదిలోకి మీరు సగమే వస్తున్నారనీ నేను అనుకుంటున్నాను. దీనిని నిందగా చెప్పడం లేదు. ఇలాంటి మాట దేవునితో అనవచ్చునని మనకు ఎవరూ నేర్పలేదు, సంఘాల్లో మేము నేర్పవలసినంతగా నేర్పలేదు, అది మా లోపం.

సంఖ్యాకాండము 11వ అధ్యాయం తెరిచి మోషే ప్రార్థన చదవండి. ఈ జనమంతటినీ నేను కన్నానా, పాలిచ్చే బిడ్డను మోసినట్టు వీళ్ళను రొమ్మున మోయమంటావేమి అని దేవునినే నిలదీసి, ఒంటరిగా మోయలేనని, ఇలాగే సాగేటట్టయితే తనను చంపివేయమని అడిగాడు. దేవుడు అతనిమీద కోపపడలేదు. డెబ్బదిమంది పెద్దలను పోగుచేయమని, ఆ భారాన్ని వారు కూడా మోస్తారని చెప్పాడు. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి “ఇంతమట్టుకు చాలును” అని తన ప్రాణం తీసుకొమ్మన్నాడు. అతనికి ప్రసంగం రాలేదు, మందలింపు రాలేదు. నిద్ర వచ్చింది, లేచేసరికి నిప్పులమీద కాల్చిన రొట్టె, ఒక పాత్రలో నీళ్ళు ఉన్నాయి. తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టారు, “నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది” అని దూత చెప్పాడు. శక్తికి మించినదని పరలోకమే ఒప్పుకున్న ప్రయాణాన్ని గురించి మీరు అలిసిపోయానని అనడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

మీ ఆలోచనను గురించి ఇంకొక మాట చెప్పాలి. ఇది ఎప్పటికి ముగుస్తుందో అనుకోవడం, అమ్మ చనిపోవాలని కోరుకోవడం ఒకటి కావు. రెండేళ్ళుగా ఒక్క రాత్రి కూడా పూర్తిగా నిద్రపోని శరీరం ముగింపును అడుగుతుంది, అది దాని స్వభావం. ఒకవేళ ఏదో ఒక రాత్రి ఆ రెండవ ఆలోచన కూడా మీ మనసులో మెదిలి ఉంటే, దానిని కూడా ఆయనకు చెప్పవచ్చు. ఆయనకు తెలియనిది మీరు కొత్తగా చెప్పబోవడం లేదు. “ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి” అని 62వ కీర్తన అంటుంది. కుండను కుమ్మరించేటప్పుడు తేట నీళ్ళు మాత్రమే వంచి అడుగున ఉన్న మడ్డిని ఆపడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇప్పుడు ఆ సహోదరి అన్న మాట. దాచిన పాపం ప్రార్థనకు అడ్డం కాదని నేను చెప్పను. “నా హృదయములో నేను పాపమును లక్ష్యము చేసినయెడల ప్రభువు నా మనవి వినకపోవును” అని 66వ కీర్తనలో స్పష్టంగా ఉంది. కాని ఆ వచనం మాట్లాడేది తెలిసి తెలిసి విడిచిపెట్టకుండా పట్టుకొని కూర్చున్న పాపం గురించి. పరిశుద్ధాత్మ మనల్ని ఒప్పించేటప్పుడు పేరు పెట్టి ఒప్పిస్తాడు: ఫలానావారితో ఆడిన అబద్ధం, ఫలానావారికి ఎగ్గొట్టిన బాకీ, ఫలానా మనిషిమీద పెంచుకున్న పగ. పేరు పెట్టడంతోపాటు బయటికి వచ్చే దారి కూడా చూపిస్తాడు. నీలో ఏదో ఉంది, ఏమిటో వెదుక్కో అని వదిలిపెట్టే నింద ఆయన పద్ధతి కాదు, అది మనిషిని తనలో తాను తవ్వుకునేలా చేస్తుందే తప్ప దేవుని వైపు తిప్పదు. ఒకరోజు కూర్చుని, నీవు చూపించదలచినది ఏదైనా ఉంటే చూపించు తండ్రీ అని అడగండి. ఏదైనా స్పష్టంగా గుర్తుకు వస్తే ఒప్పుకోండి, సరిదిద్దుకోవలసినది ఉంటే సరిదిద్దుకోండి, 1 యోహాను 1:9లో ఉన్న క్షమాపణను నమ్మండి. ఏదీ గుర్తుకు రాకపోతే తవ్వడం ఆపేయండి. కష్టాల్లో పడిన యోబుతో అతని స్నేహితులు కూడా ఆ సహోదరిలాగే మాట్లాడారు. చివరి అధ్యాయంలో దేవుడు కోపపడినది వారిమీద, నిలదీసి మాట్లాడిన యోబుమీద కాదు.

కన్నీళ్ళ విషయానికి వస్తాను. కన్నీళ్ళు దేవుడిచ్చిన వరమే. నేను కూడా ప్రార్థనలో ఏడ్చినవాడినే. మీరు ఆయన దగ్గరతనాన్ని అనుభవించాలని కోరుకోవడం కూడా తప్పు కాదు. 42వ కీర్తన రాసినవాడు దుప్పి నీటివాగులకోసం ఆశపడినట్టు ఆశపడ్డాడు, అలా ఆశపడడమే సగం ప్రార్థన. కాని కన్నీరు కొలమానం కాదు. కొందరు మాటకు ముందే ఏడుస్తారు, కొందరు తల్లి సమాధి దగ్గర కూడా ఏడవలేక నెల తర్వాత వంటింట్లో ఏడుస్తారు, అది వారి వారి దేహతత్వం. షిలోహులో హన్నా ప్రార్థించినప్పుడు పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు, దగ్గరే కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఎదుటివారి ప్రార్థనను బయటినుంచి కొలిచేవారు యాజకులైనా పొరబడతారని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

మీరు ఎక్కిన కొండనే తీసుకుందాం. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషన్‌కు చెందిన లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, అంతా కలిపి ఐదుగురు, ఆ కొండ ఎక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. తెలుగు దేశంలో ఫలితం లేదు, ఈ మిషన్‌ను మూసివేద్దామా అని అమెరికాలోని వారి బోర్డు చర్చిస్తున్న రోజులు అవి. ఆ ఉదయం ఆ ఐదుగురిలో ఎవరు ఏడ్చారో, ఎవరికి ఏమి అనిపించిందో మనకు అక్కరలేని సంగతి. వారు దిగివచ్చిన మరునాడు ఏమీ మారలేదు, ఆ సంవత్సరంలోనూ మారలేదు. వారు అడిగిన ఆ సేవకుడు, జాన్ క్లౌ దొరగారు, ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో. గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలై 3న. ఓపిక పడితే మీకు కూడా అంతటి జవాబు వస్తుందని చెప్పడానికి నేను దీనిని ఎత్తలేదు, అలా వాడుకోవడం నాకు ఇష్టం లేదు. కరవులో ఆకలికి కృశించిపోయిన మాదిగ పల్లెల ప్రజల చరిత్ర అది, ఒక్కరి ప్రార్థనకు ఉదాహరణగా కుదించదగినది కాదు. నేను చెప్పదలచినది చాలా చిన్నది: ఆ కొండమీద 1854లో జరిగిన ప్రార్థన దేవుని సన్నిధిలోనే జరిగింది, ఆ రోజు పైకి ఏమీ కనబడకపోయినా జరిగింది. మొన్నటి జనవరి 1న అదే రాళ్ళమీద పొడి కళ్ళతో నిలబడిన మీ ప్రార్థన కూడా అక్కడే జరిగింది.

ఉపవాసం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి డాక్టరును అడగకుండా పూట కూడా మానకూడదు, 40 దినాల మాట అసలే తలపెట్టవద్దు. మాత్ర వేసుకొని తిండి మానితే స్పృహ తప్పి పడిపోవచ్చు, అప్పుడు మంచంమీద ఉన్న మీ అమ్మగారికి నీళ్ళిచ్చేవారు కూడా ఉండరు. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో చెప్పాడు: ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం, వస్త్రహీనునికి బట్ట ఇవ్వడం, నీ రక్తసంబంధికి ముఖం తప్పింపకుండడం. రక్తసంబంధికి ముఖం తప్పింపని ఉపవాసంలో మీరు రెండేళ్ళుగా ఉన్నారు. ఇక విత్తన కానుక సంగతి. దేవుని దగ్గరికి తీసుకువెళ్ళడానికి డబ్బు అడిగే మనిషికి ఒక్క రూపాయి కూడా పంపవద్దు. సమరయలో సీమోను దేవుని వరాన్ని డబ్బుతో కొనబోయినప్పుడు పేతురు ఎంత కఠినంగా మాట్లాడాడో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఉంది. తెర చినిగిపోయిన చోట ఎవరో బల్ల వేసుకుని టిక్కెట్లు అమ్ముతుంటే ఊరుకోవడం నాకు చేతకాదు. ఈ విషయంలో నా మాట కటువుగా ఉంటే క్షమించండి.

ఎలా ప్రార్థించాలన్న దానికి ఇప్పుడు వస్తున్నాను. తెల్లవారుజామున 4 గంటలకు లేచి ప్రార్థించడం మన సంఘాల్లో మంచి అలవాటుగా నేర్పుతాము, నేను కూడా నేర్పాను. మీకు మాత్రం అది వద్దంటున్నాను. మూడింటికి లేచినవారిని మళ్ళీ నాలుగింటికి లేవమని ప్రభువు అడగడు. మధ్యాహ్నం భోజనం పెట్టాక అమ్మగారు ఒక గంట నిద్రపోతారేమో చూడండి, ఆ గంటలో 15 నిమిషాలు చాలు. మోకరించలేకపోతే కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. “నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి” అని మత్తయి 6లో ప్రభువు చెప్పినది ఎవరికీ కనబడని చోటు గురించి. మీలాగా నలుగురిలో బాగా ప్రార్థించగలిగినవారికి ఆ చోటు మరీ అవసరం, అక్కడ బాగా ప్రార్థించవలసిన బాధ్యత ఉండదు. కూర్చున్నాక వెంటనే మాట్లాడవద్దు. ఊపిరి నెమ్మదించేదాకా ఊరక ఉండండి. తర్వాత “తండ్రీ” అని ఒక్క మాట అనండి, ఆ మాట ఆయన చెవిన పడిందని అనుభూతి లేకపోయినా నమ్మండి.

ఆ మీదట సొంత మాటలకోసం వెదుక్కోకుండా ఒక కీర్తన తెరిచి పైకి, నెమ్మదిగా చదవండి. 13వ కీర్తనతో మొదలుపెట్టమంటాను. ఆరే వచనాలు. దేవా, నన్ను ఎంతకాలం మరచిపోతావు అనే ప్రశ్నతో మొదలవుతుంది, మీ 3 గంటల ప్రశ్నకు అది అన్నలాంటిది. కొన్ని రోజుల తర్వాత 88వ కీర్తన చదవండి. మొరతో మొదలై చీకటితోనే ముగిసే కీర్తన అది. స్తోత్రంతో ముగించాలన్న మన తొందరను అది పాటించదు. అటువంటి పాటను కూడా దేవుడు తన ప్రజల ప్రార్థన పుస్తకంలో ఉంచాడంటే, ముగింపు దొరకని ప్రార్థనలకు కూడా ఆయన దగ్గర చోటు ఉందని నేను గ్రహించాను. చదివాక మీ 3 గంటల మాటను మీ మాటల్లోనే, మీ ఇంటి భాషలోనే ఆయనకు చెప్పండి. గ్రాంథికం అక్కరలేదు. మరునాడు కూడా అదే చెప్పవలసి వస్తే అదే చెప్పండి. గెత్సేమనేలో ప్రభువు మూడుసార్లు వెళ్ళి అవే మాటలు చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు.

ఆ తర్వాత కొంచెంసేపు ఏమీ అనకుండా ఉండి, చివర పరలోక ప్రార్థన చెప్పి లేవండి. నా భార్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, నలభై ఏళ్ళు సంఘాలకు ప్రార్థన నేర్పిన నాకు, ఆ ప్రార్థన తప్ప మరొకటి నోటికి రాలేదు. అప్పుడే ఒక సంగతి గమనించాను. “నా తండ్రీ” అని కాదు, “మా తండ్రీ” అని ప్రభువు నేర్పాడు. ఆ “మా” అనే ఒక్క అక్షరంలో, నేను తలుపు వేసుకున్న గదిలో ఉన్నప్పటికీ, అదే సమయంలో ఆ మాట పలుకుతున్నవారందరూ నాతో నిలబడి ఉన్నారు. నాకు విశ్వాసం సన్నగిల్లిన పూట వారి విశ్వాసం ఆ వాక్యాన్ని మోసింది. మీరు ఒక్కరే ఉన్న గదిలో ఖాళీ అనిపించినప్పుడు ఆ “మా” దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. అంతకంటె లోపల ఇంకొక సహాయం ఉంది: ఎలా ప్రార్థించాలో తెలియని మనకోసం ఆత్మ తానే “ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో” విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8:26 చెబుతుంది. అంటే మీకు మాట రాని నిమిషంలో కూడా మీ గదిలో ప్రార్థన ఆగడం లేదు.

15 నిమిషాలు పోగా మిగిలిన రోజంతా ఉంది. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మెలీయుల మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. యుద్ధంలో గాయపడిన మాజీ సైనికుడు, అంతగా చదువుకున్నవాడు కాదు. ఆయనకు అప్పగించిన పని వంటశాలలో, అది ఆయనకు సహజంగా ఇష్టంలేని పని. గిన్నెల చప్పుడు మధ్య దేవునితో చిన్న చిన్న మాటలు మాట్లాడుతూ ఉండడం అలవాటు చేసుకొని, చివరికి ప్రార్థనకు మోకరించిన వేళకూ వంటశాలలో పని వేళకూ తనకు తేడా లేదనే స్థితికి వచ్చాడు. ఈ సాక్ష్యం చెప్పేటప్పుడు చాలామంది ఒక సంగతి వదిలేస్తారు: మొదటి పదేళ్ళు తాను చాలా బాధపడ్డానని ఆయనే రాసుకున్నాడు. కథోలికుడు గదా అని మన బాప్టిస్టులు కొందరు ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెనుకాడవచ్చు, నాకు ఆ సంకోచం లేదు.

మీ వంటశాల మీ అమ్మగారి మంచం. పక్కబట్టలు మార్చేటప్పుడు, జావ తాగించేటప్పుడు, పుండ్లు పడకుండా పక్కకు తిప్పేటప్పుడు పెద్ద ప్రార్థన చేయబోవద్దు, చేయలేక మళ్ళీ నింద వేసుకుంటారు. “ప్రభువా, ఇక్కడే ఉన్నావు” అనండి, లేదా “కరుణించుము” అనండి. ప్రభువు చెప్పిన ఉపమానంలో సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) గుండె కొట్టుకుంటూ అన్న ప్రార్థన అంతకంటె పెద్దదేమీ కాదు, అతడు నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళాడు. రాత్రి మంచం పట్టీ చప్పుడు వినబడినప్పుడు విసుగు వస్తుంది, రానివ్వండి. ఆ విసుగుతోనే లేస్తూ, “తండ్రీ, నాకు లేవాలని లేదు, నాతోపాటు లే” అనండి. అది నిజమైన ప్రార్థన, మీరు సమాజంలో చేసిన ఏ ప్రార్థనకూ తీసిపోదు.

మోషేకు డెబ్బదిమంది పెద్దలు జవాబుగా వచ్చారని పైన రాశాను. ఆ జవాబును మీరు కూడా అడగవలసి ఉంది, దేవుణ్ణి మాత్రమే కాదు, మనుషులను కూడా. ఈ ఆదివారం మీ అన్నయ్య ఫోన్ చేసినప్పుడు, అంతా బాగానే ఉందని చెప్పి పెట్టేయకండి. అన్నయ్యా, డబ్బు సరే, నాకు పది రాత్రులు నిద్ర కావాలి, నీవో వదినో వచ్చి అమ్మ దగ్గర ఉండండి అని అడగండి. అతడు మీరు అడగలేదు గనుకనే రాలేదేమో. స్త్రీల సమాజంలో మీతో ప్రార్థన చేయించుకుంటున్న సహోదరీలలో ఇద్దరిని, వారానికి ఒక రాత్రి వంతుగా వచ్చి పడుకోమనండి. మీ పాస్టరుగారి భార్యతో ఈ సంగతి చెబితే ఆమె ఏర్పాటు చేయగలరు. షుగరుకు వెళ్ళే డాక్టరుతో మీ నిద్ర సంగతి కూడా దాచకుండా చెప్పండి. రెండేళ్ళ నిద్రలేమి మనసును మొద్దుబారుస్తుంది, కన్నీరు రాకపోవడానికి, దేనిమీదా ఏమీ అనిపించకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. దానికి వైద్యం ఉంది, చేయించుకోవడం విశ్వాసలోపం కాదు. ఏలీయాకు రొట్టె, నిద్ర ఇచ్చాకనే, హోరేబు కొండ దగ్గర తన నిమ్మళమైన స్వరం వినిపించాడు దేవుడు. ముందు రొట్టె, తర్వాత స్వరం.

మీ అమ్మగారికి మాట పోయిందన్నారు, వినికిడి పోయిందని రాయలేదు. మీ మధ్యాహ్నపు కీర్తనను కొన్ని రోజులు ఆమె మంచం పక్కనే కూర్చుని చదివి చూడండి. పక్షవాతంతో మాట పోయినవారిలో కొందరికి చిన్ననాటి నుంచి నోటికి వచ్చిన పాటలు, ప్రార్థనలు మిగిలి ఉంటాయి. పరలోక ప్రార్థన మొదలుపెడితే ఆమె పెదవులు కదులుతాయేమో గమనించండి. కదలకపోయినా ఆమె ఆ “మా”లో ఉన్నారు.

మీ ఇద్దరినీ నా ప్రార్థన పుస్తకంలో రాసుకున్నాను. వయసుమీద పడినవాడిని గనుక నాకు కూడా రాత్రి మూడింటికే మెలకువ వస్తుంది, ఆ వేళ మిమ్మల్ని జ్ఞాపకం చేసుకుంటాను. అన్నయ్యతో మాట్లాడాక ఏమన్నాడో నాకు రాయండి.